పాత కారు డాష్‌బోర్డులో కరెంటు తేడాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

1983 చివర్లో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. అంబాసిడర్ కూడా అదే ఏడాది ఆగింది. అయినా కోనసీమలోనూ భీమవరం, నరసాపురం వైపూ ఇవి ఇంకా తిరుగుతున్నాయి. ఓమ్ని, జెన్, పాత సుమో, ఇండికా సంగతీ అంతే. వీటి మీటరు బోర్డుల గురించి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఒకచోట చేర్చాం. రొయ్యల చెరువుల మధ్య, కాలవ గట్ల మీద, ఉప్పుగాలిలో తిరిగే బండికి మీటరు చెడిపోవడం తక్కువ. మీటరుకు కరెంటు తెచ్చే దారి, దాన్ని తిరిగి తీసుకెళ్ళే ఎర్తు దారి చెడిపోవడం ఎక్కువ. కొత్త మీటరు కొన్నా పాత తేడా అలాగే ఉండిపోయేది ఇందుకే. ఏ ప్రశ్న కావాలంటే అది విడిగా చదువుకోవచ్చు.

## చేయి పెట్టే ముందు

మల్టీమీటరు కొనాలా, టెస్ట్ ల్యాంపు సరిపోదా?

రెండూ ఉంచుకోండి. మల్టీమీటరు అంకె చెబుతుంది కానీ కరెంటు దాదాపు లాగదు. చిలుం పట్టి సగం తినేసిన అతుకు మీద పెట్టినా 12 వోల్టులూ నిండుగా చూపిస్తుంది. టెస్ట్ ల్యాంపులో 5 వాట్ల బల్బు ఉంటే అది 0.4 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి అతుకు బలహీనంగా ఉంటే వెలుగు మందగించి పట్టిస్తుంది. ఇంజిన్ కంప్యూటరుకు వెళ్ళే వైర్ల మీద మాత్రం టెస్ట్ ల్యాంపు పెట్టకూడదు. అక్కడ మల్టీమీటరే వాడాలి.

వీటితోపాటు 10 నంబరు పానా, రెండు స్క్రూడ్రైవర్లు, పెన్సిలు రబ్బరు, 400 నంబరు గరుకు కాగితం, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, మధ్యలో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన మీటరు పొడవు వైరు ముక్క (జంపరు) దగ్గరుంటే మీటరు బోర్డు పనులు చాలావరకు అయిపోతాయి.

బ్యాటరీ వైరు ఊడదీయాలా? ముందు ఏది తీయాలి?

వైరు కోసేటప్పుడు, అతికేటప్పుడు, మీటరు బోర్డు బయటికి లాగేటప్పుడు ఊడదీయాలి. ముందు నెగటివ్ తీయండి, బిగించేటప్పుడు దాన్ని చివర్లో బిగించండి. ముందు పాజిటివ్ విప్పితే పానా బాడీకి తగిలిన క్షణంలో బ్యాటరీ మొత్తం షార్టవుతుంది. ఎయిర్‌బ్యాగు ఉన్న బండైతే నెగటివ్ తీశాక కొన్ని నిమిషాలు ఆగండి, పసుపు రంగు కప్లర్ల (వైర్లను కలిపే ప్లాస్టిక్ అతుకుల) జోలికి పోకండి.

బ్యాటరీ బాగానే ఉందని ఎలా తెలుస్తుంది?

పొద్దున్నే బండి తీయకముందు రెండు బుడిపెల మధ్య వోల్టేజి చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12 లోపు ఉంటే దిగిపోయినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఈ మూడు అంకెలూ రాసి పెట్టుకున్నాకే డాష్‌బోర్డు వైపు వెళ్ళండి, ఎందుకంటే దిగిపోయిన బ్యాటరీ ప్రతి మీటరునూ చెడిపోయినట్టే చూపిస్తుంది.

టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే గ్లాసు వేడినీళ్ళలో చెంచా వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దండి. ఆ నీళ్ళు బ్యాటరీ గడుల్లోకి పోకూడదు. ఆరాక బిగించి, పైన పల్చగా వ్యాజ్‌లైన్ రాయండి. రాసి బిగించడం కాదు, బిగించి రాయాలి.

మీటరు బోర్డు విప్పుతుంటే ప్లాస్టిక్ విరిగిపోతోంది. ఎలా విప్పాలి?

ఇరవై ఏళ్ళు ఎండలో ఉన్న ప్లాస్టిక్ అప్పడంలా పెళుసెక్కుతుంది. పొద్దుటి చల్లదనంలో కాకుండా బండి కాసేపు ఎండలో నిలిచి ప్లాస్టిక్ వెచ్చబడ్డాక విప్పండి. స్క్రూలు తీసినా రావట్లేదంటే ఎక్కడో ఇంకో స్క్రూ దాగుందని అర్థం. సాధారణంగా అది పైమూత కిందో, చిన్న గుడ్డి స్విచ్ వెనకో ఉంటుంది. కేబులుతో నడిచే స్పీడు మీటరైతే బోర్డును రెండు అంగుళాలు ముందుకు లాగి, వెనక చేయి పెట్టి కేబులు లాక్ నొక్కి వదిలించాలి. అది వదలకుండా లాగితే మీటరు వెనక మెడ విరుగుతుంది. కప్లర్లను వైరు పట్టుకుని లాగకండి, నాలుక నొక్కి ఒంటిని పట్టుకుని లాగండి. ప్రతి దశలో ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి.

## కీ ఆన్, ఇంజిన్ ఇంకా స్టార్ట్ చేయలేదు

కీ తిప్పితే మీటరులో ఒక్క లైటూ వెలగట్లేదు. కానీ హెడ్‌లైట్లు, హారను బాగానే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

హెడ్‌లైట్లకు, హారనుకు చాలా బళ్ళలో కరెంటు కీ దాటకుండానే వస్తుంది. మీటరుకు మాత్రం కీ దాటి, మీటరు ఫ్యూజు దాటి రావాలి. కీ ఆన్ చేసి ఫ్యూజు రెండు కొసల మీదా టెస్ట్ ల్యాంపు పెట్టండి. రెండు వైపులా వెలిగితే ఫ్యూజు మంచిదే. ఒకవైపే వెలిగితే ఫ్యూజు పోయింది. ఏ వైపూ వెలగకపోతే ఇగ్నిషన్ స్విచ్ గానీ దాని కింది కప్లర్ గానీ కారణం. కీని అటూ ఇటూ కొద్దిగా కదిపినప్పుడు లైట్లు మిణుకుమంటే స్విచ్ లోపలి కాంటాక్టు అరిగినట్టే.

గాజు ఫ్యూజులున్న బళ్ళలో ఒక మోసం ఉంది. లోపలి తీగ బాగానే కనిపిస్తుంది కానీ కొసల్లో ఉన్న లోహపు టోపీ దగ్గర టంకం చిలుమెక్కి కరెంటు పోదు. కంటితో చూసి మంచిదనుకోకండి. ఫ్యూజు తీసి, పట్టే రేకుల్ని గరుకు కాగితంతో రుద్ది, కొత్తది వేసి చూడండి.

ఫ్యూజు దాటి కరెంటు బయటికి వస్తున్నా మీటరు వెలగకపోతే ఎర్తు గానీ, ఫ్యూజు నుంచి మీటరుకు వెళ్ళే వైరు గానీ తెగి ఉండొచ్చు.

అందరూ ఎర్తు చూడమంటారు. అసలు ఎర్తు ఎలా చూడాలండీ?

డెల్టాలో తిరిగే బండికి దీని తర్వాతే మిగతావన్నీ.

మీటరు వెనక కప్లర్ నుంచి వచ్చే నల్ల వైరు డాష్‌బోర్డు లోపల ఒక ఇనుప పట్టీకి స్క్రూతో బిగించి ఉంటుంది. కరెంటు బల్బు దాటాక ఆ స్క్రూ గుండా బాడీలోకి, బాడీ నుంచి ఒక మందపాటి వైరు గుండా బ్యాటరీ నెగటివ్‌కీ చేరుతుంది. వైరు కొసన ఉండే రింగు లాంటి లగ్గుకూ ఇనుముకూ మధ్య తుప్పు పొర చేరితే కరెంటు వేరే దారులు వెతుక్కుంటుంది. అప్పుడే వింతలు మొదలవుతాయి. హెడ్‌లైటు వేస్తే పెట్రోలు ముల్లు కదులుతుంది. ఇండికేటరు వేస్తే మీటరు లైట్లన్నీ దాంతోపాటు మిణుకుతాయి.

ఓం స్థానంలో పెట్టి చూస్తే తెలియదు. ఒక్క పోగు తగులుతున్నా సున్నాకు దగ్గరగానే చూపిస్తుంది. ఇలా చేయండి: మల్టీమీటరును 20 వోల్టుల డీసీలో పెట్టండి. నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ బుడిపెకు, ఎర్ర తీగ మీటరు వెనక నల్ల వైరుకు. ఇప్పుడు కీ ఆన్ చేసి హెడ్‌లైట్లు, బ్లోయరు అన్నీ వేయండి. అంకె 0.1 లోపు ఉంటే ఎర్తు గట్టిగా ఉంది. 0.2 దాటితే శుభ్రం చేయాలి. అర వోల్టు చూపిస్తే మీ తేడాకు కారణం దొరికినట్టే.

తర్వాత ఎర్ర తీగను ఒక్కో మెట్టు బ్యాటరీ వైపు జరపండి: ముందు ఎర్తు స్క్రూ మీద, తర్వాత దాని పక్కన గీరిన ఇనుము మీద, తర్వాత ఇంజిన్ గదిలో బాడీ ఎర్తు బోల్టు మీద. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో, ఆ మెట్టుకూ ముందు మెట్టుకూ మధ్యే తుప్పు ఉంది. స్క్రూ విప్పి, లగ్గు రెండు వైపులా, ఇనుము మీద రూపాయి బిళ్ళంత మేర రంగు పోయి మెరుపు వచ్చేదాకా గీకి, పువ్వు వాషరు వేసి బిగించి, పైన గ్రీజు గానీ రంగు గానీ పూయండి.

కీ ఆన్ చేస్తే అన్ని లైట్లూ వెలుగుతున్నాయి, చార్జింగ్ లైటు మాత్రం రావట్లేదు. మంచిదే కదా?

కాదు. మనం డైనమో అని పిలిచే ఆల్టర్నేటరుకు మొదటి కరెంటు చాలా బళ్ళలో ఆ చిన్న బల్బు గుండానే అందుతుంది. బల్బు పోతే చార్జింగు మొదలవకపోవచ్చు, లేదా ఇంజిన్ బాగా రేజ్ చేస్తే గానీ మొదలవదు. డైనమో వెనక సన్న వైరు కప్లర్ ఊడదీసి, లైటుకు వెళ్ళే వైరును కీ ఆన్ చేసి బాడీకి తాకించండి. లైటు వెలిగితే బల్బూ వైరూ బాగున్నాయి, తేడా డైనమోలోనే ఉంది. వెలగకపోతే బల్బో వైరో చూసుకోవాలి. ఈ జాగాలో ఎల్‌ఈడీ బల్బు వేయకండి. దాని గుండా పోయే కరెంటు డైనమోను లేపడానికి చాలదు.

కీ ఆన్ చేస్తే ఆయిల్ లైటు వెలగట్లేదు.

ఇంజిన్ మీద ప్రెషర్ స్విచ్ నుంచి వైరు ఊడదీసి, కీ ఆన్‌లో ఇంజిన్ లోహానికి తాకించండి. లైటు వెలిగితే స్విచ్ పోయింది. వెలగకపోతే బల్బు గానీ మధ్యలో వైరు గానీ పోయింది. ఇది బాగయ్యేదాకా బండి దూరం తీసుకెళ్ళకండి. ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పోయినా మీకు చెప్పేవాళ్ళు ఉండరు.

## ఇంజిన్ నడుస్తుండగా

ట్యాంకు నింపినా పెట్రోలు ముల్లు కిందే ఉంటోంది. మీటరు మార్చాలా?

ముందు ట్యాంకు దగ్గర చూడండి. అక్కడి ఫ్లోటు యూనిట్‌కు వచ్చే వైరు కప్లర్ ఊడదీయండి. కీ ఆఫ్‌లో ఉండగానే ఆ వైరును ఫ్యూజున్న జంపరుతో బాడీకి కలపండి, తర్వాత ఎవరినైనా కీ ఆన్ చేయమనండి. పెట్రోలు దగ్గర నిప్పురవ్వ రాకుండా ఈ వరస పాటించాలి. ఈ తరం బళ్ళలో ఎక్కువ వాటిలో ముల్లు పూర్తిగా నిండు వైపు లేస్తుంది. లేచిన వెంటనే కీ ఆపండి.

ముల్లు లేస్తే మీటరూ వైరూ మంచివే, ఫ్లోటు యూనిట్ గానీ దాని ఎర్తు గానీ చెడింది. ట్యాంకు బండి కింద ఉంటుంది కాబట్టి బురద, ఉప్పు నీళ్ళు ముందు తగిలేది ఆ ఎర్తు లగ్గుకే. దాన్ని గీకి బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది. ముల్లు లేవకపోతే అదే వైరు మీటరు దాకా ఎక్కడో తెగింది, లేదా మీటరే పోయింది. కప్లర్ ఊడదీసినా ముల్లు నిండుగానే చూపిస్తే వైరు ఎక్కడో బాడీకి రాసుకుంటోంది.

సగం దగ్గర మాత్రమే ముల్లు గెంతుతుంటే ఫ్లోటు యూనిట్ లోపల తీగ చుట్ట అక్కడ అరిగింది. దానికి యూనిట్ మార్చడమే.

టెంపరేచర్ ముల్లు అసలు లేవట్లేదు.

సెన్సరు వైరు తీసి ఇంజిన్ లోహానికి రెండు సెకన్లు తాకించండి. ముల్లు వేడి వైపు పరుగెడితే సెన్సరు మార్చండి. కదలకపోతే వైరూ మీటరూ చూడాలి. కానీ ముల్లు లేచి మళ్ళీ పావు దగ్గరకే దిగిపోతుంటే అది కరెంటు తేడా కాకపోవచ్చు. థర్మోస్టాట్ తీసేసి నడుపుతున్న బళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి, వాటిలో ఇంజిన్ నిజంగానే వేడెక్కదు.

పెట్రోలు, టెంపరేచర్ ముళ్ళు రెండూ ఒకేసారి పైకి పోయాయి.

ముళ్ళు మెల్లగా లేచే పాతకాలపు మీటర్లలో రెంటికీ కలిపి ఒక చిన్న వోల్టేజి స్టెబిలైజరు ఉంటుంది. అది సగటున 10 వోల్టులు మాత్రమే పంపాలి. లోపల అతుక్కుపోయినా, దాని ఎర్తు పోయినా పూర్తి 12 వోల్టులు పోయి రెండు ముళ్ళూ ఎక్కువ చూపిస్తాయి. రెండూ ఒకేసారి సున్నా అయితే అదే స్టెబిలైజరు తెగింది. ఈ అంశంలో మీటర్ల జోలికి పోనక్కర్లేదు, చిన్న పెట్టె ఒక్కటీ మారిస్తే చాలు.

చార్జింగ్ లైటు పూర్తిగా ఆరట్లేదు, రాత్రిపూట సన్నగా వెలుగుతోంది.

బల్బుకు రెండు కొసల్లోనూ సమానంగా వోల్టేజి ఉంటేనే ఆరుతుంది. సన్నగా వెలిగిందంటే రెండు వైపులా కాస్త తేడా ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూడండి. 13.5 లోపు ఉంటే బెల్టు వదులు, బ్రష్షులు, డయోడ్లు చూడాలి. 14 ఉండి కూడా వెలుగుతుంటే ఇగ్నిషన్ స్విచ్‌లోనో ఫ్యూజు రేకుల్లోనో వోల్టేజి పడిపోతోంది. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే కటౌట్ పోయింది. వెంటనే మార్చండి, లేకపోతే బల్బులు ఒక్కొక్కటిగా పోతాయి, బ్యాటరీ నీళ్ళు మరిగిపోతాయి.

ఆయిల్ లైటు నడుస్తుండగా వెలిగింది. ఇంటిదాకా వెళ్ళొచ్చా?

వెళ్ళకండి. పక్కకు ఆపి ఇంజిన్ ఆపండి. ఆయిల్ మట్టం చూడండి. మట్టం సరిగ్గా ఉన్నా ప్రెషర్ ఉందని హామీ లేదు. ప్రెషర్ గేజి పెట్టి చూశాకే స్విచ్ మీదికి నెపం నెట్టాలి.

స్పీడు ముల్లు వణుకుతోంది, టకటకమని శబ్దం వస్తోంది.

కేబులు మీటరైతే లోపలి తీగ ఎండిపోయింది లేదా మెలిక పడింది. బయటికి లాగి, గుడ్డతో తుడిచి, కింది మూడింట రెండొంతుల మేర పల్చగా గ్రీజు రాయండి. పై భాగం వదిలేయాలి, లేకపోతే గ్రీజు పాకి మీటరులోకి చేరి ముల్లును బరువెక్కిస్తుంది. తీగ ఎక్కడైనా వంకర తేలితే మార్చాల్సిందే.

గుంతలో పడితే మీటరు ఆరిపోయి మళ్ళీ వెలుగుతోంది.

ఇది దొరికించుకోవడం తేలిక. బండి నిలబెట్టి, కీ ఆన్ చేసి, డాష్‌బోర్డు కింద వైర్ల కట్టను ఒక్కో జానెడు చొప్పున చేత్తో ఊపండి. స్క్రూడ్రైవరు పిడితో ఫ్యూజు పెట్టె మీద, మీటరు మూత మీద తట్టండి. ఎక్కడ తడితే ఆరుతుందో అక్కడ ఆగండి. ఎక్కువసార్లు మీటరు వెనక కప్లర్ రేకులు వెడల్పైపోయి ఉంటాయి. సన్న సూదితో రేకును కొద్దిగా ముందుకు నెడితే మళ్ళీ గట్టిగా పట్టుకుంటుంది.

## ఇండికేటర్లు, లైట్లు

ఒకవైపు ఇండికేటరు వేగంగా కొట్టుకుంటోంది.

ఆ వైపు ముందో వెనకో 21 వాట్ల బల్బు పోయింది, లేదా దాని ఎర్తు పోయింది. తక్కువ వాట్ల బల్బు వేసినా ఇంతే. అన్నీ ఎల్‌ఈడీలకు మార్చినవారు ఎల్‌ఈడీకి సరిపడే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేసుకోవాలి.

బ్రేకు తొక్కితే డాష్‌బోర్డులో ఇండికేటరు గుర్తు సన్నగా వెలుగుతోంది. ఇదేం వింత?

వెనక లైటు గిన్నె ఎర్తు పోయింది. బ్రేకు బల్బు దాటిన కరెంటుకు బాడీలోకి దారి లేక, పక్కనున్న ఇండికేటరు బల్బు తీగలోంచి వెనక్కి నడిచి, డాష్‌బోర్డు గుర్తు గుండా ఎర్తు వెతుక్కుంటోంది. డిక్కీ లోపల లైటు గిన్నె నుంచి వచ్చే నల్ల వైరు స్క్రూ గీకి బిగించండి. అక్కడిదాకా కొత్త 1 చదరపు మి.మీ. వైరు వేసి బాడీకి బిగిస్తే ఇంకా మంచిది.

హజార్డ్ పనిచేస్తుంది, ఇండికేటర్లు మాత్రం పనిచేయవు.

చాలా బళ్ళలో ఇండికేటరు కరెంటు హజార్డ్ స్విచ్ లోపలి కాంటాక్టు దాటి వెళ్తుంది. ఏళ్ళ తరబడి నొక్కకుండా ఉంచితే ఆ కాంటాక్టు చిలుమెక్కుతుంది. కీ ఆన్ చేసి హజార్డ్ స్విచ్‌ను ఇరవై ముప్పై సార్లు నొక్కి వదలండి. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు లోపలికి కొట్టండి. ఒక్క పైసా ఖర్చు లేకుండా చాలా బళ్ళు ఇక్కడే బాగవుతాయి.

రాత్రి మీటరు లైట్లు గుడ్డిగా ఉన్నాయి. పెద్ద బల్బులు వేయొచ్చా?

వద్దు. మీటరు వెనక బల్బులు సాధారణంగా 1.2 నుంచి 3.4 వాట్లవి. 5 వాట్లవి వేస్తే హోల్డరు కరుగుతుంది, వెనక రాగి గీతలున్న పల్చటి పలక కమిలిపోతుంది. ముందు వెలుగు తగ్గించే చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు పదిసార్లు తిప్పండి. తర్వాత బల్బులు తీసి చూడండి. గాజు నల్లబడితే అవే వాట్లతో కొత్తవి వేయండి. మీటరు లోపలి తెల్లటి గోడ పసుపెక్కితే అక్కడ తెల్ల రంగు పూస్తే వెలుగు పెరుగుతుంది.

హెడ్‌లైటు స్విచ్ వేడెక్కుతోంది, ప్లాస్టిక్ వాసన వస్తోంది.

రెండు 60 వాట్ల బల్బులకు 10 ఆంపియర్లు కావాలి. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) లేని బళ్ళలో అది మొత్తం స్టీరింగు పక్క స్విచ్ గుండానే పోతుంది. ఎవరో 100 వాట్ల బల్బులు వేస్తే దాదాపు 17 ఆంపియర్లు పోయి స్విచ్ కరుగుతుంది. మామూలు బల్బులు తిరిగి వేసి, హై, లో బీములకు రెండు రిలేలు పెట్టించండి. బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు దాటి 2.5 చదరపు మి.మీ. వైరు రిలే 30 కాలుకు, 87 నుంచి బల్బుకు, 85కు ఎర్తు, 86కు పాత స్విచ్ వైరు. స్విచ్‌కు భారం తగ్గుతుంది, వెలుగు కూడా పెరుగుతుంది.

## ఫ్యూజు, షార్టు, దిగిపోయే బ్యాటరీ

ఫ్యూజు వేయగానే పోతోంది. షార్టు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

ఫ్యూజులు ఒకదాని తర్వాత ఒకటి కాల్చుకోకండి. ఫ్యూజు తీసి, దాని రెండు రేకుల మధ్య 21 వాట్ల బల్బును వైర్లతో కలపండి. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, కరెంటు మాత్రం 2 ఆంపియర్లు దాటదు కాబట్టి ఏదీ కాలదు. ఇప్పుడు ఆ ఫ్యూజు మీదున్న కప్లర్లను ఒక్కొక్కటే ఊడదీయండి. ఏది తీస్తే బల్బు ఆరిందో లేదా బాగా మందగించిందో, షార్టు ఆ కొమ్మలో ఉంది. ఆ కొమ్మ వెంట వైరును చేత్తో తడుముతూ వెళ్ళండి. బాడీ రంధ్రంలో రబ్బరు బుషింగు ఊడిపోయి ఇనుము అంచు వైరును కోస్తున్న చోటు, స్టీరింగు రాడ్ కింద, తలుపు మడత దగ్గర, బండి కొన్నాక బిగించిన స్టీరియో వెనక ముందుగా చూడండి.

10 ఆంపియర్ల ఫ్యూజు దొరకలేదు, 20ది వేశాం. పర్వాలేదా?

తీసేయండి. ఫ్యూజు కాపాడేది వైరును. సన్న వైరు కాలడం మొదలయ్యాక కూడా 20 ఫ్యూజు నిలబడే ఉంటుంది. రాగి పోగు, సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టడం ఇంకా ప్రమాదం. బ్లేడు ఫ్యూజుల్లో 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఎరుపువి ఐదు, నీలంవి ఐదు డాష్‌బోర్డు గూట్లో ఉంచుకోండి.

రెండు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతోంది.

అన్నీ ఆపి, తలుపులు మూసి, నెగటివ్ వైరు తీసి, బ్యాటరీ బుడిపెకూ ఆ వైరుకూ మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టండి. సెల్ఫ్ కొట్టకండి, మీటరు కాలిపోతుంది. కొన్ని నిమిషాలు ఆగాక 0.05 లోపు ఉంటే మామూలే. 0.4 చూపిస్తే 5 వాట్ల బల్బు ఎక్కడో వెలుగుతూనే ఉంది, సాధారణంగా డిక్కీలోనో గూట్లోనో. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన రెండు రోజుల్లో సగానికి దిగుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎప్పుడు పడుతుందో చూడండి. ఏ ఫ్యూజు తీసినా పడకపోతే డైనమో వెనక మందపాటి వైరు తీసి చూడండి. డయోడు లీకైతే అక్కడ పడుతుంది. పని అయ్యాక ఎర్ర తీగను మల్టీమీటరు వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరవకండి.

డాష్‌బోర్డులోంచి పొగ వచ్చింది.

కీ ఆపి, బ్యాటరీ నెగటివ్ లాగేయండి. నీళ్ళు పోయకండి. కాలిన వైరు దొరికినా దాన్నొక్కదాన్నే మార్చి వదలకండి. దానితో కట్టలో కలిసి ఉన్న పక్క వైర్ల తొడుగులు కూడా కరిగి అంటుకుపోయి ఉంటాయి.

## ముసురు, వరద, ఉప్పుగాలి, ఎలుకలు

ముసురు పట్టినప్పుడే తేడా వస్తోంది, ఎండ కాస్తే బాగవుతోంది.

నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. ముందు అద్దం రబ్బరు మూలల్లోంచి, వైపరు కింది గాలి గూడు కాలువ ఆకులతో మూసుకుపోయిన చోటు నుంచి నీరు ఫ్యూజు పెట్టె మీదికి కారుతుంది. ఒకరు లోపల టార్చితో కూర్చుంటే మరొకరు అద్దం అంచుల మీద బకెట్టుతో నీళ్ళు పోయాలి. దారి దొరికేదాకా ఫ్యూజు పెట్టె ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్ళీ పచ్చబడుతుంది.

వరద నీళ్ళు సీట్ల దాకా వచ్చాయి. స్టార్ట్ చేసి చూడొచ్చా?

కీ కూడా తిప్పకండి. తడిసిన కప్లర్‌లో కరెంటు ఉంటే రాగిని చిలుం కొన్ని గంటల్లోనే తినేస్తుంది. ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. గోదావరి వరద నీళ్ళలో ఒండ్రు ఉంటుంది, తుఫాను ఉప్పెన నీళ్ళలోనూ రొయ్యల చెరువు నీళ్ళలోనూ ఉప్పు ఉంటుంది. రెండూ ఆరనిస్తే లోపలే గట్టిపడతాయి. అందుకే మునిగిన కప్లర్లన్నీ విడదీసి మంచినీళ్ళతో కడగాలి. విచిత్రంగా తోచినా, ఆరబెట్టే ముందు కడగడమే సరైన వరస. ఉప్పు నీళ్ళైతే రెండుసార్లు కడగండి.

తర్వాత నీళ్ళు దులిపి, తక్కువ వేగంతో గాలి కొట్టి, తలుపులు తెరిచి రెండు రోజులు ఆరనివ్వండి. కార్పెట్ పూర్తిగా తీసేయాలి, దాని కింద వైర్ల కట్ట వారాల తరబడి తడిగా ఉంటుంది. మీటరు మునిగితే వెనక పలకను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి, ముందు అంకెల పలక మీద మాత్రం రాయకండి, అంకెలు చెరిగిపోతాయి. ఇంజిన్‌లోకి నీళ్ళు పోలేదని గాలి ఫిల్టరూ ఆయిలూ చూసి నిర్ధారించుకున్నాకే బ్యాటరీ బిగించండి.

ఊరు సముద్రానికి దగ్గర. ముందుజాగ్రత్తగా ఏం చేయాలి?

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి చోట్ల బండి ఉండేవారు ఏడాదికి రెండుసార్లు, వానల ముందూ వానల తర్వాతా, ఎర్తు స్క్రూలన్నీ విప్పి గీకి బిగించుకోవాలి. కప్లర్లలో పల్చగా సిలికాన్ గ్రీజు రాయాలి. నరసాపురం రేవులో పంటు ఎక్కించే బండికి, రొయ్యల లోడు వెనకే నడిచే బండికి కింది భాగం మంచినీళ్ళతో కడగడం అలవాటు చేసుకోండి.

ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయి.

సార్వా కోతలయ్యాక పొలంలో తిండి తగ్గి ఎలుకలు ఇళ్ళ వైపు వస్తాయి. గడ్డిమేటు పక్కన, ధాన్యం బస్తాల పక్కన బండి పెట్టకండి. కొరికిన చోట టేపు చుట్టి వదిలేస్తే లోపల చిలుం పాకుతుంది. రాగి ఎర్రగా కనిపించేదాకా కోసి కొత్త ముక్క అతకాలి. బ్లోయరు గాలి రంధ్రానికి ఇనుప జల్లెడ బిగిస్తే డాష్‌బోర్డులో గూడు పెట్టవు.

## అతుకులు, పార్టులు

వైరు ఎలా అతకాలి? ఏ సైజు కొనాలి?

మెలిపెట్టి టేపు చుట్టడం అతుకు కాదు. మన వేడికి టేపు జిగురు కారి ఊడుతుంది. రెండు కొసలూ ఒక సెంటీమీటరు చొప్పున తొడుగు తీసి, వేడికి ముడుచుకునే స్లీవును ముందే ఒక వైరుకు ఎక్కించి, కొసల్ని ఎదురెదురుగా అల్లి, టంకం పెట్టి, స్లీవు జరిపి వేడి చేయండి. లోపల జిగురున్న స్లీవైతే తేమ లోపలికి పోదు. రాగి నల్లబడితే టంకం అంటదు, మెరిసే రాగి వచ్చేదాకా ఇంకాస్త వెనక్కి కోయండి.

మీటర్లకు, చిన్న బల్బులకు 0.5 చదరపు మి.మీ., ఇండికేటరు, బ్రేకు లైట్లకు 1, రిలేతో నడిచే హారనుకు, హెడ్‌లైట్లకు 2.5. ఇంటి వైరింగులో వాడే ఒంటి తీగ వద్దు, కుదుపులకు విరుగుతుంది. సన్నపోగుల బండి వైరే కొనండి.

మీటరు వెనక పలక మీద రాగి గీత తెగింది. మీటరు మార్చాల్సిందేనా?

అక్కర్లేదు. పెన్సిలు రబ్బరుతో గీతను మెరిసేలా రుద్ది, తెగిన చోటికి అటూ ఇటూ అర సెంటీమీటరు చొప్పున సన్న రాగి పోగు పరిచి, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో రెండు మూడు సెకన్లలో టంకం పెట్టండి. అంతకంటే ఎక్కువసేపు ఆనిస్తే ప్లాస్టిక్ పలక ముడుచుకుపోతుంది. బల్బు హోల్డరు ఆనే గుండ్రటి చోట మాత్రం టంకం వేయకండి, హోల్డరు తిరగదు.

సెకండ్‌హ్యాండ్ మీటరు కొంటే ఏం చూసుకోవాలి?

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత మీటర్లు దొరుకుతాయి. మీ పాతది చేత్తో పట్టుకెళ్ళండి. బయటికి ఒకేలా ఉన్నా కార్బురేటరు బండికీ ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలు ఇంజెక్షనుతో నడిచే) బండికీ వెనక కాళ్ళ వరస వేరుగా ఉండొచ్చు, కేబులు స్పీడు మీటరు స్థానంలో సెన్సరుతో నడిచేది పనిచేయదు. వెనక పలకను వెలుగుకు పట్టి తెగిన గీతలున్నాయేమో చూడండి. కొత్త మీటరులోని కిలోమీటర్లు వేరు కాబట్టి మార్చిన తేదీ, రెండు అంకెలూ కాగితం మీద రాసి బండి కాగితాల్లో పెట్టండి.

ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే ఏం చెప్పాలి?

"మీటరు పనిచేయట్లేదు" అంటే ఆయన మొదటి నుంచీ వెతకాలి. తేడా ఎప్పుడు వస్తుంది, కీ ఆన్‌లోనా నడుస్తుండగానా, వానలోనా ఎండలోనా, అదే సమయంలో ఇంకేం మారుతుంది, బ్యాటరీ వోల్టేజి మూడు అంకెలు, ఈ మధ్య ఏ పని చేయించారు, ఇవన్నీ చెప్పండి. కొత్త వైరు వేస్తే పాత వైరు రంగే వేయమనండి. అంబాసిడర్ లాంటి బళ్ళలో ఎవరూ మార్చకపోతే నలుపు ఎర్తు, గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు కీ దాటి, ఆకుపచ్చ కీతోపాటు ఫ్యూజు కూడా దాటి వచ్చేవి. ఆ రంగులు చెరిగితే తర్వాత విప్పేవారికి దారి దొరకదు. విప్పిన పార్టు అడిగి ఇంటికి తెచ్చుకోండి.